టర్బో మార్చేముందు పాతది ఎందుకు ఊదట్లేదో చూడండి (ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230కి ఐఎస్38)

నమస్తే బ్రదర్. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరులో 2017 ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏడాదిన్నరగా స్టేజ్ 1 మ్యాప్ (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తోనే పవర్ పెంచేది) మీద ఉంది. మూడు నెలల నుంచి 4500 ఆర్పీఎం దాటాక కారు ముక్కుతోంది, ఎండాకాలం మధ్యాహ్నం మరీ ఎక్కువ, రెండుసార్లు చెక్ లైట్ వచ్చి పీ0299 అనే లోపం కోడ్ చూపించింది. షెడ్డులో చూపిస్తే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఊదేది) పోయింది, ఎలాగూ మార్చాలి కాబట్టి ఐఎస్38 అనే పెద్ద టర్బో వేసేద్దాం, 400 హార్స్‌పవర్ వచ్చేస్తుంది అన్నారు. వేయించుకోవాలా వద్దా, వేయిస్తే దాంతోపాటు ఇంకేం మార్చాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తున్నా, ఇప్పుడే వేయించకండి. ఐఎస్38 చెడ్డదని కాదు, ఈ ఇంజన్‌కి అది బాగా కుదిరే టర్బో, నా చేతుల మీదుగా చాలా కార్లకి ఎక్కించా. కానీ మీ కార్లో ఇప్పుడు గాలి ఎక్కడో బయటికి పోతోంది, లేదంటే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఏదో చూసి భయపడి కావాలనే తగ్గిస్తోంది, ఆ కారణం పట్టుకోకుండా పెద్ద టర్బో బిగిస్తే కారణం అక్కడే కూర్చుని కొత్తదాన్ని కూడా తినేస్తుంది. ముందు రెండు మూడు వేలు పెట్టి టెస్టింగ్ చేయించండి, ఆ కాగితం చేతికొచ్చాక లక్షల సంగతి ఆలోచిద్దాం.

నాది విజయవాడ ఆటోనగర్. 2003లో పనిలో చేరా, మొదటి తొమ్మిదేళ్ళు లారీ టర్బోలే, రోజుకి రెండు మూడు విప్పి కోర్ (షాఫ్ట్, చక్రాలు, బేరింగ్‌లు ఉండే మధ్యభాగం) మార్చి బిగించేవాళ్ళం. తర్వాత పెట్రోల్ టర్బో కార్ల మీదకి వచ్చా. ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర టర్బో పని తెలిసినవాళ్ళకి కొదవ లేదు, కానీ ఆ పనితనం ఎక్కువ భాగం డీజిల్‌ది. పెట్రోల్ ఇంజన్‌లో టర్బోలోకి పోయే పొగ వేడి 900 డిగ్రీలు దాటుద్ది, డీజిల్‌లో అంత ఉండదు. లారీకి నడిచిపోయే సర్దుబాట్లు ఇక్కడ నడవవు.

ముందు ఆ కోడ్ సంగతి. పీ0299 అంటే టర్బో పోయిందని కాదు, నేనడిగినంత గాలి రాలేదు అని ఈసీయూ చెప్తోంది, అంతే. మేడ మీద ట్యాంకులోకి నీళ్ళు ఎక్కకపోతే మోటార్ కాలిపోయిందని వెంటనే కొత్త మోటార్ కొనం కదా, ఫుట్‌వాల్వ్ చూస్తాం, పైపు ఎక్కడన్నా పగిలిందేమో చూస్తాం, ఇదీ అంతే. పైగా ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పైపులో లీక్ ఉంటే ఈసీయూ వేస్ట్‌గేట్ (పొగని టర్బో చక్రానికి తగలకుండా పక్కనుంచి పంపే తలుపు) పూర్తిగా మూసేసి ఇంకా తిప్పు ఇంకా తిప్పు అంటుంది, టర్బో మామూలుగానే నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే వస్తువు, పోయే గాలిని పూడ్చడానికి దాని హద్దు దాటి తిరుగుద్ది, చివరికి షాఫ్ట్ విరుగుద్ది. అంటే 200 రూపాయల ఓ-రింగ్ వల్ల టర్బో పోవడం నిజంగా జరిగే పనే. ఐఎస్38 తొలి బ్యాచ్‌లకి షాఫ్ట్ విషయంలో పేరు అసలే అంత బాగాలేదు, అలాంటిదాన్ని లీక్ ఉన్న కారుకి ఎక్కిస్తే ఏమవుద్దో మీరే ఆలోచించండి.

లాగ్ (కారు లాగుతున్నప్పుడు ఈసీయూ కొలతల రికార్డు) తీయించండి, అందులో రెండు గీతలు చూడండి. ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) ఒకటి, వచ్చిన బూస్ట్ ఒకటి. వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ, అలాంటి స్కానర్ ఉన్న ఎవరైనా తీసిపెడతారు. గేర్ మాన్యువల్‌లో మూడులో పెట్టి 2500 నుంచి 6500 దాకా ఒకే ఊపులో, ఫుల్ థ్రాటిల్. వాటితోపాటు వేస్ట్‌గేట్ పొజిషన్, లోపలికెళ్ళే గాలి ఉష్ణోగ్రత అంటే ఐఏటీ, నాలుగు సిలిండర్లలో టైమింగ్ (ప్లగ్గు నిప్పు రవ్వ వేసే సమయం) ఎంత వెనక్కి లాగుతోంది, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు), రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్ళే పెట్రోల్ ఒత్తిడి) ఇవన్నీ ఒకే లాగ్‌లో ఉండాలి. డైనో (కారుని ఒకేచోట రోలర్ల మీద తోలి పవర్ కొలిచే యంత్రం) మీద తీయిస్తే మంచిది. దయచేసి మంగళగిరి దాటాక హైవే మీద రాత్రిపూట చేయొద్దు, రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది గానీ లైట్ లేని బైకు రాంగ్ సైడ్‌లో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

లాగ్‌లో ఒత్తిడి మిల్లీబార్లలో, బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి ఉంటుంది, అంటే 2200 అని ఉంటే 1.2 బార్ బూస్ట్ అని. ఇప్పుడు అడిగింది 2300, వచ్చింది 1900, వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకునే ఉంది అనుకోండి, అప్పుడు లీక్, డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వదిలేసేది), వేస్ట్‌గేట్ ఫ్లాప్ సరిగా కూర్చోకపోవడం, ఇవన్నీ బాగుంటే చివరికి టర్బో. ముందుగా ఇవే అనుమానించాలి.

అలా కాకుండా అడిగిన బూస్టే 4500 దగ్గర 2300 నుంచి 1900కి దిగిపోయి, వచ్చింది కూడా దాన్నే పట్టుకుని దిగిందనుకోండి, మీ టర్బో శుభ్రంగా ఉంది, అడిగింది ఇస్తోంది. ఈసీయూనే తక్కువ అడుగుతోంది. ఎందుకు అడుగుతోందో పక్క కాలమ్స్‌లో దొరుకుద్ది, ఐఏటీ 65, 70 దాటిందా, టైమింగ్ 6, 7 డిగ్రీలు వెనక్కి పోయిందా, రైల్ ప్రెషర్ కూలిందా. మీరు "ఎండాకాలం మధ్యాహ్నం మరీ ఎక్కువ" అని రాశారు చూశారా, ఆ ఒక్క మాట వల్ల నాకు ఈ రెండో కథ మీద గట్టి అనుమానం ఉంది. కాకపోతే కోడ్ వచ్చిందంటున్నారు కాబట్టి మొదటిది కూడా కొంత కలిసే ఉండొచ్చు, రెండూ ఒకే కార్లో ఉండటం అరుదేం కాదు.

రెండు గీతలూ కలిసే ఉన్నాయి, తగ్గడం లేదు, అయినా లాగట్లేదంటే అప్పుడు ప్లగ్గులు, కాయిల్స్, లేదా గేర్‌బాక్స్ క్లచ్ జారడం. ఆర్పీఎం గబుక్కున ఎక్కి స్పీడు ఎక్కకపోతే జారుతోందని అర్థం. మీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీక్యూ250, దాని ఆయిల్, ఫిల్టర్ 60 వేలకి మార్చాలి. మీ కారు 68 వేలు దాటింది, మార్పించారా? మార్పించకపోతే టర్బో సంగతి పక్కనపెట్టి ముందు ఆ పని చేయండి.

తర్వాత లీక్ టెస్ట్. చాలామంది ఇంజన్ ఆన్‌లో పెట్టి చెవితో విని "లీక్ లేదు సార్" అనేస్తారు, ఐడిల్‌లో బూస్టే ఉండదు, ఇంక లీక్ ఎలా తెలుస్తుంది. టర్బో లోపలికి గాలి వెళ్ళే మూతికి గట్టి క్యాప్ బిగించి, కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్ పెట్టి మెల్లగా 1 బార్ దాకా గాలి ఎక్కించాలి, అంతకన్నా ఎక్కించకూడదు, ఆయిల్ సీల్స్ తన్నుకుని బయటికొస్తాయి. మా షెడ్డులో పనిచేసే చిన్నోడు షాంపూ నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పట్టుకుని ఒక్కో జాయింట్ మీద కొట్టుకుంటూ పోతాడు. టర్బో నుంచి బయటికొచ్చే పైపు సీలింగ్ రింగు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకి మడతపెట్టిన అంచు, థ్రాటిల్ బాడీ దగ్గర హోస్, డైవర్టర్ వాల్వ్ ప్యాకింగ్, ఎక్కువగా ఈ నాలుగు చోట్లే. కిందటేడు ఒక కార్లో ఎంతసేపు చూసినా దొరకలేదు, చివరికి ఇంటర్‌కూలర్ కింది అంచున, బంపర్ విప్పితే తప్ప కనపడని చోట, ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనకాల ఒకటి వస్తున్నాయి, చేత్తో ఆ ప్లాస్టిక్ ట్యాంకుని కొంచెం ఇటు నొక్కితే బుడగ కాస్తా బుస్సుమని నురగ అయింది. ఫుల్ బూస్ట్‌లో ఆ ట్యాంకు ఉబ్బి అంచు తెరుచుకునేది, బూస్ట్ లేనప్పుడు మూసుకునేది. ఆ కారుకి కూడా బయట టర్బో పోయిందనే చెప్పారు.

ఇవన్నీ అయ్యాక టర్బోని చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఇన్‌లెట్ పైపు తీసి షాఫ్ట్ చివర రెండు వేళ్ళతో పట్టుకోండి. పక్కలకి, పైకీ కిందకీ కొంచెం కదిలితే కంగారు పడొద్దు, ఆయిల్ లేనప్పుడు జర్నల్ బేరింగ్‌కి ఆ మాత్రం ఉంటుంది, చక్రం గోడకి తగలకపోతే చాలు. ముందుకీ వెనక్కీ కదలకూడదు, చేతికి తెలిసేలా టక్ టక్ మంటే ఆ టర్బో రోజులు అయిపోయినట్టే. బ్లేడ్ల అంచులు టార్చి వేసి చూడండి. పైపులో పలుచగా నూనె తడి ఉండటం మామూలే, గరిట పెడితే తేలేంత ఆయిల్ ఉంటే మాత్రం ఆలోచించాలి.

బ్లేడ్ల అంచులు అన్నా కాబట్టి గుంటూరు కారు ఒకటి చెప్తా. ఆయన మిర్చి వ్యాపారం, కారు రోజూ యార్డు చుట్టుపక్కలే తిరుగుద్ది. మంచి శబ్దం వస్తుందని ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టించుకున్నాడు. ఆ ఫిల్టర్‌కి వేసే ఆయిల్ ఎండిపోయాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా దగ్గరికొచ్చినప్పుడు ఇన్‌లెట్ పైపు తీస్తే లోపల గోడంతా ఎర్రటి జిగట పొడి, వేలు పెట్టి చూసి మా చిన్నోడు పొరపాటున కళ్ళు తుడుచుకుని అరగంట కుళాయి దగ్గరే ఉన్నాడు పాపం. కారం వల్ల టర్బో అరగదు, దాంతోపాటు లోపలికెళ్ళిన దుమ్ము, ఇసుక రేణువుల వల్ల అరుగుద్ది. కంప్రెసర్ చక్రం బ్లేడ్ల మూతి కొత్తలో బ్లేడులా సన్నగా ఉండాల్సింది, ఎలుక కొరికిన కాగితంలా అయిపోయింది. బూస్ట్ ఎక్కడం లేటు, 5000 తర్వాత అసలు లేదు. మన ఊళ్ళల్లో ఇసుక లారీలు, కంకర టిప్పర్ల వెనకాల తిరిగే కారుకి మూతున్న స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ఎయిర్‌బాక్సే పెట్టుకోండి, లోపల మంచి పేపర్ ఫిల్టర్ వేసి 10 వేలకొకసారి మార్చండి. ఓపెన్ ఫిల్టర్ ఇంజన్ బే వేడి గాలినే పీలుస్తుంది, ఆ లెక్కన కూడా అది నష్టమే.

వేడి దగ్గరికొస్తే, మనకి అసలు శత్రువు ఇదే, దీని మీద కాస్త ఎక్కువ చెప్తా. గాలిని నొక్కితే వేడెక్కుద్ది. బయట 45 డిగ్రీలున్న రోజు, 1.2 బార్ బూస్ట్, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుని లెక్క వేస్తే టర్బో మూతి నుంచి వచ్చే గాలి 160 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే బయట 20 డిగ్రీలైతే 125 చిల్లర. ఆ తేడా అంతా ఇంటర్‌కూలర్ మీదే పడుద్ది, అదేమో ఏసీ కండెన్సర్ వెనకాల ఇరుకులో కూర్చుని ఉంటుంది, మే నెల మధ్యాహ్నం ఏసీ ఫుల్‌లో పెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాక దానికి తగిలేది చల్లగాలి కాదు, కండెన్సర్ వదిలిన వేడిగాలి. దానికితోడు 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలికంటే దాదాపు 10 శాతం పలుచన, అంటే మొదలే తక్కువ. యూరప్‌లో కూర్చుని రాసిన మ్యాప్ చలి గాలికి బాగుంటుంది, మన దగ్గర మూడోసారి ఫుల్ థ్రాటిల్ లాగేసరికే ఐఏటీ ఎక్కేసి ఈసీయూ టైమింగ్ లాగేస్తుంది. ఒక వీఆర్‌ఎస్‌కి ఏమీ మార్చకుండా బంపర్ విప్పి కండెన్సర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య పేరుకున్న బురద, పురుగులు, ఎండిన ఆకులు తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడిగాం, అంతే, ఐఏటీ 10 డిగ్రీల దాకా దిగింది. రాత్రిపూట పొలాల మధ్య హైవే మీద ఎక్కువ తిరిగే కారైతే ఆ పని ఏడాదికోసారి చేయించాల్సిందే. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా టర్బోకంటే ముందు పెద్ద ఇంటర్‌కూలర్ అంటా. స్టేజ్ 1 మీద ఉన్నా దానివల్ల లాభమే, రేపు ఐఎస్38 వేసుకున్నా అది వృథా పోదు.

సరే, అన్నీ చూశారు, టర్బో నిజంగానే పోయింది, లేదా బాగున్నా మీకు ఎక్కువ పవర్ కావాలి. అప్పుడు ఏది ఎంచుకోవాలి.

చిన్న లెక్క చెప్తా, ఇది వస్తే ఏ షెడ్డువాడూ మిమ్మల్ని మభ్యపెట్టలేడు. మీ 2 లీటర్ల ఇంజన్ రెండు చుట్లకొకసారి 2 లీటర్ల గాలి పీలుస్తుంది, 6000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 6000 లీటర్లు. 1.2 బార్ బూస్ట్, ఇంటర్‌కూలర్ తర్వాత 50 డిగ్రీలు అనుకుంటే బరువులో నిమిషానికి సుమారు 14 కిలోలు, కంప్రెసర్ మ్యాపుల్లో వాడే పౌండ్లలో చెప్తే దాదాపు 31. పౌండుకి 10 హార్స్‌పవర్ అనేది అందరూ వాడే మోటు లెక్క, అంటే 310. మీ కార్లో ఇప్పుడున్న ఐఎస్20 టర్బో ఈ చుట్టుపక్కల దాకా బాగానే ఊదుద్ది, ఆపైన నొక్కితే గాలికంటే వేడి ఎక్కువ వస్తుంది. 400 కావాలంటే 40 పౌండ్లు, 18 కిలోల గాలి కావాలి, అది ఐఎస్20 వల్ల కాదు, ఐఎస్38 లాంటి పెద్ద చక్రం కావాలి. గోల్ఫ్ ఆర్, ఆడి ఎస్3లో వచ్చేది అదే కాబట్టి పెద్దగా కోతలు, వెల్డింగులు లేకుండా కూర్చుంటుంది. మీ ఇంజన్ మూడో తరం ఈఏ888, ఇందులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికొచ్చే గొట్టాలు) హెడ్‌లోనే కలిసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది, అందుకే ఏ టర్బో పడితే అది పట్టదు.

కానీ పెద్ద చక్రం తిరగడానికి పొగ ఎక్కువ కావాలి. నేను నడిపిన కార్లలో ఐఎస్38కి ఫుల్ బూస్ట్ ఐఎస్20 కంటే 600 నుంచి 800 ఆర్పీఎం లేటుగా వచ్చింది. వారధి మీద, బందరు రోడ్డులో, అరండల్‌పేటలో మీరు వాడేది 1500 నుంచి 3000 మధ్యే. అక్కడ కారు ఇప్పటికంటే నెమ్మదిగా అనిపిస్తుంది, ఇది చాలామంది కొన్నాక తెలుసుకుని బాధపడేది. మీరు రోజూ ఆఫీసుకీ ఇంటికీ, నెలకోసారి హైదరాబాద్ వెళ్ళొచ్చే మనిషి అయితే నా సలహా మంచి కొత్త ఐఎస్20, ఇంటర్‌కూలర్, మన ఎండకి సరిచేసిన మ్యాప్. 290, 300 దగ్గర కారు మే నెలలో కూడా ఒకేలా లాగుద్ది. ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై సర్క్యూట్‌కో కోయంబత్తూరు కారి ట్రాక్‌కో వెళ్తా అంటే అప్పుడు ఐఎస్38కి అర్థం ఉంది. మధ్యలో హైబ్రిడ్ అని ఐఎస్20 బాడీలోనే పెద్ద చక్రం పెట్టినవి దొరుకుతాయి, మంచి చేతిలో తయారైతే నాకు అవి బాగా నచ్చుతాయి, కానీ బ్యాలెన్సింగ్ రిపోర్ట్ కాగితం చూపించకపోతే తీసుకోవద్దు. లారీకి కోర్ మార్చినట్టు చేత్తో మార్చి బిగించేది కాదు ఇది.

ఇంక ఆ 400 మాట. బంకులో దొరికే 95 ఆక్టేన్ పెట్రోల్ మీద, మన ఎండలో, నేనైతే ఐఎస్38ని 340, 360 దగ్గర ఆపేస్తా. అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసి పెద్ద మ్యాప్ మీద నొక్కితే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి ముందే పేలడం) వస్తుంది, ఈసీయూ ఎంతవరకు కాపాడుద్దో అంతవరకే, ఒక్కసారి తక్కువ ఆర్పీఎంలో ఫుల్ లోడ్ మీద గట్టిగా తన్నిందంటే పిస్టన్ రింగు గట్టు విరుగుద్ది. ఈ20 సంగతి కూడా మ్యాప్ చేసేవాడికి చెప్పండి, 20 శాతం ఇథనాల్ ఉంటే అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ పెట్రోల్ పోయాలి, స్టాక్ హై ప్రెషర్ పంపు అంచు మీద ఉంటే పైన ఆర్పీఎంలో రైల్ ప్రెషర్ కూలి మిశ్రమం పలచబడుద్ది. లాగ్‌లో రైల్ ప్రెషర్ అడిగా కదా, అందుకే.

టర్బో ఖర్చు సగమే. ఐఎస్38 అనుకుంటే దాంతోపాటు ఇంటర్‌కూలర్, ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు గ్యాప్ 0.6, 0.7 మిల్లీమీటర్లకి తగ్గించి, కాయిల్స్, కొత్త ఆయిల్ ఫీడ్ పైపు, అన్ని ప్యాకింగ్‌లు, కొత్త బోల్టులు, ఇంజన్ మ్యాప్, గేర్‌బాక్స్ మ్యాప్. గేర్‌బాక్స్ మ్యాప్ ఎందుకంటే మీ కారు స్టాక్ టార్కే 350 న్యూటన్ మీటర్లు, ఐఎస్38 మీద 450 సులభంగా దాటుద్ది, క్లచ్ ప్రెషర్ పెంచకపోతే జారుద్ది, జారితే ఆ అరిగిన పొడి గేర్‌బాక్స్ ఆయిల్‌లోకే పోద్ది. తర్వాత బ్రేకులు, టైర్లు. ఇవి నేను చివర్లో రాసినా మీరు ముందు పెట్టుకోండి.

నా చేతిలో జరిగినది ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు ఇప్పటికీ చాలా షెడ్డుల్లో జరుగుతోంది. 2014లో ఒక అబ్బాయి కారుకి పెద్ద టర్బో వేశాం, అంతా కొత్తదే, 900 కిలోమీటర్లకి కీచుమని అరిచి నీలి పొగ. విప్పితే షాఫ్ట్ నల్లగా మాడిపోయి ఉంది, ఆయిల్ అందలేదు. ఆయిల్ లోపలికెళ్ళే రంధ్రం చూస్తే ఏదో అడ్డం కనిపించింది, కుట్టు సూదితో మెల్లగా లాగితే సేమియా పోగులాంటి బూడిదరంగు సిలికాన్ ముక్క చుట్టలు చుట్టుకుని బయటికొచ్చింది. ప్యాకింగ్‌తోపాటు లీక్ అవకూడదని మేమే సిలికాన్ పూశాం, బోల్టు బిగించినప్పుడు లోపలికి ఉబ్బిన అంచు ఊడి రంధ్రంలోకి పోయింది. ఆ టర్బో డబ్బు నేనే కట్టా, కట్టాలి కూడా. ఆ రోజు నుంచి మా షెడ్డులో టర్బో ఆయిల్ లైన్ల మీద సిలికాన్ ట్యూబ్ పెట్టనివ్వను, లోహం ప్యాకింగ్ ఒక్కటే. మీ పని ఎవరు చేసినా పక్కన నిలబడి ఈ ఒక్కటి చూసుకోండి. పాత ఆయిల్ ఫీడ్ పైపు కడిగి మళ్ళీ వాడతామన్నా ఒప్పుకోవద్దు, లోపల మాడిన ఆయిల్ బొగ్గులా అంటుకుని ఉంటుంది, పైకి కనపడదు.

నీలి పొగ గురించి కూడా ఒక మాట. పొగ వస్తే టర్బో సీల్ అని వెంటనే అనేస్తారు. టర్బో ఆయిల్ కిందకి తనంతట తనే జారి సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పోవాలి, దానికి పంపు లేదు. ఇంజన్ కింది భాగం, అంటే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగితే ఆయిల్ దిగడానికి దారి లేక సీల్ దాటి ఇవతలికి వస్తుంది. ఈఏ888లో ఆ ఒత్తిడిని వదిలే పీసీవీ వాల్వ్ పాడవడం మామూలు జబ్బు. ఒకాయనకి వేరేచోట టర్బో మార్చారు, కొత్తది కూడా పొగే, మళ్ళీ మార్చారు, మళ్ళీ పొగ. మేం పీసీవీ మార్చాం, పొగ ఆగింది. ఆయిల్ క్యాప్ తీసి చూడండి, గట్టిగా లాక్కున్నా, గాలి బుస్సుమని తన్నినా ముందు అక్కడ చూడాలి.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాళ్ళు క్లెయిమ్ ఆపడానికి ఇది చాలు. పాడైన ఐఎస్20 స్థానంలో కంపెనీ ఐఎస్20 వేయడానికి ఈ గొడవ లేదు. ఐఎస్38 వేసుకుంటే ట్రాక్ కారుగా చూసుకోండి, ఇంట్లోవాళ్ళు రోజూ తిరిగే కారుకి నేనైతే వేయను.

చివరిగా, ఏ టర్బో వేయించినా మొదటి స్టార్ట్ మీ ఎదురుగానే చేయించండి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, ఫోక్స్‌వ్యాగన్ 502 00 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ-40 ఆయిల్. బిగించేముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి చేత్తో చక్రం తిప్పాలి. తర్వాత ఇంజెక్టర్లు ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఒట్టి స్టార్టర్ మీద పది పది సెకన్లు కొట్టాలి. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు ఐడిల్, యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు, కింద పడుకుని ఆయిల్, నీళ్ళ జాయింట్లు చూడాలి. మీ కారు వేస్ట్‌గేట్ యాక్చువేటర్ ఎలక్ట్రిక్, స్కానర్‌తో అడాప్టేషన్ (దాని హద్దులు ఈసీయూకి కొత్తగా నేర్పడం) చేయకపోతే మళ్ళీ అదే పీ0299 వచ్చి మళ్ళీ టర్బోనే అనుమానిస్తారు. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా, తర్వాత ఆయిల్ మార్చి పాత ఫిల్టర్‌ని కోయించి మడతల్లో మెరిసే ముక్కలున్నాయేమో చూడండి. ఆపైన 7500కి ఒకసారి ఆయిల్. గట్టిగా తోలాక వెంటనే ఆపొద్దు, కారు ఆపాక నీళ్ళు తిప్పే చిన్న పంపు ఉన్నా సరే, ఆఖరి రెండు కిలోమీటర్లు మెల్లగా రండి. మా పాత లారీ డ్రైవర్లు ఎవరూ చెప్పకపోయినా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి బీడీ కాల్చుకున్నాకే తాళం తిప్పేవాళ్ళు, వాళ్ళ టర్బోలు లక్షల కిలోమీటర్లు నడిచేవి.

ముందు ఆ లాగ్ తీయించి పెట్టండి బ్రదర్, మధ్యాహ్నం ఒకటి, తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు ఒకటి, రెండూ ఒకే గేర్‌లో. పక్కపక్కన పెట్టి చూస్తే టర్బో విప్పకుండానే సగం తేలిపోద్ది.